సాలులో పడిన తూటా

మృగశిర కార్తె, పదకొండో రోజు

ఈ రోజు నలభై గుండ్లు పోశాను. ముప్పై ఒకటి నిలిచాయి. తొమ్మిదింటికి అడుగున ముడత పడింది. వాటిని మళ్లీ మూకుట్లో వేశాను. సీసం పాత కేబుల్ తొడుగుల నుంచి ఒలిచింది, మెత్తగా ఉంది. మెత్తగానే ఉండాలి. గట్టి గుండయితే చేల మీద పడే కలుపుమర రొమ్ము పలకను దాటిపోయి లోపలి బ్యాటరీని చీలుస్తుంది. అది అంటుకుంటే మరతో పాటు చేనూ కాలిపోతుంది. మూడేళ్ల కిందట పక్క ఊరివాళ్లు ఇనుప గుండు కాల్చి పదెకరాల జొన్న పోగొట్టుకున్నారు. సీసం పలక మీద పరుచుకుని అక్కడే ఆగుతుంది. పలక వెనకున్న బోర్డు పగిలి మర కూలబడుతుంది.

పోసిన గుండు పిస్తోలు గొట్టం కంటే ఎప్పుడూ వెంట్రుకవాసి లావుగానే వస్తుంది. దానికి మైనం, ఆముదం కలిపి రాసి, ఉంగరంలో పెట్టి మీట నొక్కి అవతలికి దింపితే సరైన లావుకు వస్తుంది. ఉంగరం మా మేనమామ గోకారి చేసింది. బోరు మోటారు గన్‌మెటల్ బుష్ తీసుకుని, పిస్తోలు గొట్టం కొలతకు లోపల తొలిచాడు. ఊళ్లో ఒకటే పిస్తోలు, ఒకటే ఉంగరం. మామ పోయి పదకొండేళ్లు. అప్పటి నుంచి గుండ్ల పని నాది, ఈ పుస్తకం నాది. గుండుకు ఏం జరిగినా జరిగిన రోజే రాయాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. తూటాలు తీసుకునే మనిషి, అంటే చేలకు కాపు ఉండే మనిషి, ఆ వరస కింద సంతకం పెట్టాలి. పై వరసలు ఎవరూ చదవరు.

మధ్యాహ్నం ఉసేనమ్మ వచ్చింది. ఈ ఊరి కాపు ఆమెదే. పిస్తోలు ఆమె దగ్గర ఉంటుంది. గడప దాటకుండా నిలబడి, తూటా ఎక్కించాక పిస్తోలు పైభాగం ముందుకు రావడానికి మొరాయిస్తోందని చెప్పింది. బొటనవేలితో నెట్టాల్సి వస్తోందట. నూనె వేయమన్నాను. వేశానంది. ఇంకొంచెం వేయమన్నాను.

ఆరుద్ర కార్తె, రెండో రోజు

నిన్న పదును వాన. ఈ రోజు ఎండ కాసింది. ఎండ కాసిందంటే మరలు లేస్తాయి. పెద్ద పొలం షెడ్లలో ఇంకా ఎన్ని ఉన్నాయో ఎవరికీ లెక్క తెలియదు. కంపెనీ పోయింది, మనుషులు పోయారు, మరలు మిగిలాయి. వాటికి కంపెనీ పత్తి ఒక్కటే మొక్క. ఇంకేది మొలిచినా కలుపే. నేల మెత్తబడితే చాలు, సాలు పట్టుకుని పీకుకుంటూ వస్తాయి.

పదకొండు గంటలప్పుడు ఒకటి తిమ్మన్న చేని దగ్గర కొర్రలో దిగింది. గిడ్డయ్య కొక్కెం గడ పట్టాడు. ఉసేనమ్మ పిస్తోలు పట్టింది. నేను గట్టు మీద ఉన్నాను. గిడ్డయ్యకు మర వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"అల్లుడొచ్చినాడు పామ్మే, మర్యాద చేద్దాం."

ఎదురుగా వెళ్లి కొక్కెం మెడ కింద వేసి పైకి ఎత్తాడు. రొమ్ము పలక బయటపడింది. అరచేయంత ఉంటుంది ఆ పలక. ఉసేనమ్మ నాలుగు బారల దూరం దాకా పోయి ఒకటే కాల్చింది. మర మోకాళ్ల మీద కూలింది. పీకినవి ఎనిమిది సాళ్లు. గడ పట్టినవాడు ఎత్తి పట్టుకునేది పది లెక్కపెట్టేంత సేపే. ఆ లోపల కాల్చాలి. లేకపోతే మర చేతులు గడ వెంబడి వస్తాయి.

ఆరుద్ర కార్తె, తొమ్మిదో రోజు

ఉసేనమ్మకు పన్నెండు తూటాలు ఇచ్చాను. గుండ్లన్నీ ఉంగరంలో దిగినవే. ఆమె పిస్తోలు వెంట తెచ్చింది. ఒక్కొక్కటీ గొట్టంలో వేసి చూద్దామా అని అడిగింది. మామ ఉన్నప్పుడు అలాగే చేసేవాడు. తూటా దాని బరువుకు అదే టక్కుమని దిగాలి, దిగనిది పక్కన పెట్టాలి. నేను వచ్చాక మానేశాను. ఉంగరంలోంచి దిగింది గొట్టంలోకి దిగకపోవడమేమిటి?

అదే మాట చెప్పాను. అన్నం వేళ కూడా అయింది. సంతకం పెట్టి వెళ్లింది.

పునర్వసు కార్తె, మూడో రోజు

గిడ్డయ్య కుడి చేయి పోయింది.

నేను అక్కడ లేను. ఇంటి వెనక మైనం కరిగిస్తున్నాను. కేకలు విని వెళ్లేసరికి అంతా అయిపోయింది. చూసినవాళ్లు చెప్పింది రాస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు దక్షిణపు జొన్నలో మర దిగింది. గిడ్డయ్య ఎప్పటిలాగే కొక్కెం వేసి ఎత్తాడు. ఉసేనమ్మ దగ్గరికి వెళ్లి పిస్తోలు చాచింది. పేలలేదు. గిడ్డయ్య గడ వదిలేసి పరుగెత్తి ఉంటే తప్పించుకునేవాడు. ఆమె కాలుస్తుందని పట్టుకునే ఉన్నాడు. మర చేయి గడ వెంబడి వచ్చి మణికట్టు పట్టుకుంది. మొక్క అనుకుని పీకింది. పక్క చేనిలో ఉన్న తిమోతి వచ్చి గొడ్డలితో మర మెడ తీగలు నరికాడు.

గిడ్డయ్యను బండి మీద ఆసుపత్రికి పంపారు. మణికట్టు దగ్గర తీసేయాలన్నారట.

పునర్వసు కార్తె, నాలుగో రోజు

కంబగిరప్ప తాత ఊరికి పెద్ద. ఆయన ఇంటి ముందు విచారించారు. ఉసేనమ్మ చెప్పింది ఇది. మీట నొక్కితే కదల్లేదు. చూస్తే పిస్తోలు పైభాగం పూర్తిగా మూసుకోలేదు. బొటనవేలితో నెట్టింది, రాలేదు. వెనక్కి లాగి ఆ తూటాను బయటికి తీసింది. అది సాలులో పడింది. ఇంకొకటి ఎక్కించేలోపు అంతా జరిగిపోయింది.

తాత పిస్తోలు తెప్పించి, ఖాళీగా నొక్కి చూశాడు. టిక్కుమంది. ఆమె దగ్గర మిగిలిన పదకొండు తూటాల్లో మూడు తీసి మట్టి గోడకు కాల్పించాడు. మూడూ పేలాయి. సాలులో పడిన తూటా కోసం నలుగురు వెతికారు. అక్కడంతా బురద, మర తొక్కుడు, గిడ్డయ్య కోసం పరుగెత్తినవాళ్ల కాళ్లు. దొరకలేదు.

పిస్తోలు బాగుంది, తూటాలు బాగున్నాయి. మిగిలింది మనిషి. భయంతో ఆమె చేయి బిగుసుకుపోయిందన్నారు. తెగేసి ఎవరూ అనలేదు. వచ్చే కార్తె చివర కూర్చుని తేలుస్తామన్నారు. పుష్యమి చివరి దాకా గడువు. అప్పటి వరకు కాపు తిమోతికి. పిస్తోలు, మిగిలిన ఎనిమిది తూటాలు విత్తనాల కొట్లో పెట్టి తాళం వేశారు. ఆ తాళం చెవి నా దగ్గరే ఉంటుంది, మర దిగితే తీసి తిమోతికి ఇవ్వాలి.

ఉసేనమ్మ ఈ ఊరి మనిషి కాదు. కరువు ఏట వలస వచ్చింది. కాపు ఒప్పుకున్నందుకే ఇల్లూ రెండెకరాలూ ఇచ్చారు. కాపు పోతే అవీ పోతాయి. ఆ సంగతి విచారణలో ఎవరూ ఎత్తలేదు. అందరికీ తెలుసు.

పునర్వసు కార్తె, ఆరో రోజు

ఉదయం దక్షిణపు జొన్న ఎంత పోయిందో చూద్దామని వెళ్లాను. సాలు పక్క నీళ్ల గుంటలో తూటా కనబడింది. ఇంటికి తెచ్చి కడిగాను. గుండు భుజం చుట్టూ సన్నని మెరుపు గీత ఉంది. గొట్టం అంచు సీసాన్ని కొరికిన గీత అది. లోపలికి పోలేక అక్కడ ఆగిపోయింది.

విత్తనాల కొట్టు తెరిచి పిస్తోలు గొట్టం విప్పి ఆ తూటాను అందులో వేశాను. గోరు మందం బయట నిలబడింది. మిగిలిన ఎనిమిదీ వేశాను. అయిదు టక్కుమని దిగాయి. మూడు నిలబడ్డాయి.

ఆ మూడింటి గుండ్లూ ఈ ఉంగరంలోంచి దిగినవే.

కొట్టు ద్వారబంధానికి మొదటి గుండ్ల తీగ వేలాడుతుంటుంది. ఆయుధ పూజ నాడు ఆ ఏటి మొదటి గుండుకు కుంకుమ పెట్టి తీగకు గుచ్చుతాం. మామ నాటివి తొమ్మిది, నావి పదకొండు. తీగ దించి, మామ చివరి ఏటి గుండు ఉంగరంలో వేశాను. మీట నొక్కే పని లేకుండా అవతలికి జారి నేల మీద పడింది. నా మొదటి ఏటిది కూడా జారింది, కొంచెం రాసుకుంటూ. ఏడో ఏటిది వేలితో నెడితే పోయింది. నిరుటిది బిగువుగా ఆగింది. పిస్తోలు గొట్టంలో వేసి చూస్తే సరిగ్గా తలకిందులు. మామవి దిగాయి. నావి మొదట దిగాయి, తర్వాత బిగిశాయి, చివరి రెండూ దిగలేదు.

ఉంగరం పెద్దదయింది. పెద్దది చేసింది నేను. మామ దాన్ని నూనె గుడ్డతో తుడిచేవాడు, అంతే. నా మొదటి పూజ నాడు ఉంగరం మసిబట్టిన చట్టిలా ఉందని ఎవరో నవ్వారు. ఆ మరుసటి ఏటి నుంచి పూజ ముందు చింతపండు, ఇటుక పొడి పెట్టి తోముతున్నాను. పైనే కాదు. పుల్లకు గుడ్డ చుట్టి లోపల కూడా, మొహం కనిపించేదాకా తోముతాను. పళ్లెంలో పెడితే ఊరంతా వచ్చి చూస్తుంది. బంగారంలా ఉందంటారు. మా ఆవిడ సుంకమ్మకు వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు అలా తోమీ తోమీ మెడ దగ్గర చిల్లి పడింది. దానికి మాటు వేసింది నేనే. అయినా ఉంగరం సంగతి తోచలేదు.

పోతతో కొన్ని గుండ్లు సన్నగానే వస్తాయి. అవి ఏ ఉంగరం లేకపోయినా గొట్టంలోకి దిగుతాయి. తాత కాల్పించిన మూడూ అలాంటివి. లావుగా వచ్చినది గిడ్డయ్య గడ ఎత్తిన రోజు ఆమె చేతికి వచ్చింది.

చెప్పాలి. రేపు చెప్తాను.

పునర్వసు కార్తె, ఎనిమిదో రోజు

చెప్పలేదు.

నిన్నా ఈ రోజూ కూర్చుని కొత్త ఉంగరం చేశాను. పాత మోటారు బుష్ ఇంకొకటి ఉంది. మామ గుండు పెట్టి చూసుకుంటూ తొలిచాను. మామ గుండు బిగువుగా ఆగే దగ్గర ఆపాను. తిమోతి చేతికి చెడ్డ తూటా పోకూడదు కదా. అది నిజమే. కానీ కొత్త ఉంగరం చేసినట్టు ఎవరికీ చెప్పలేదు. పాతదాని చోట అదే పెట్టాను. కొత్తదని తెలియకుండా మసి రాశాను.

కొట్లో ఉన్న ఎనిమిది తూటాల్లో నిలబడిన మూడూ తీసేసి కొత్తవి మూడు పెట్టాను. తీసేసిన వాటి సీసం కరిగించాను. సాలులో దొరికినదాన్ని కరిగించలేదు. మైనం డబ్బాలో అడుగున పెట్టాను.

పునర్వసు కార్తె, పన్నెండో రోజు

ఉసేనమ్మ వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికి వచ్చి కూర్చుంది. నా ఎదురుగా కొత్త ఉంగరం ఉంది. ఆమె దానివైపు చూడలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. రోజూ సాలులో వెతుకుతున్నానంది. వేళ్లతో బురద జల్లిస్తోందట. ఇప్పటికి ఆరు సాళ్లు అయ్యాయట. తర్వాత అడిగింది.

"అన్నా, ఒక మాట. మనిషికి తెలీకుండా చెయ్యి ఆగిపోతాదా? నేను నొక్కినా అనే అనుకుంటాండా. నొక్కకనే నొక్కినానని అనుకుంటాండానేమో."

అప్పుడే నిజం చెప్పేయగలిగేవాణ్ని. మైనం డబ్బా నా మోకాలి పక్కనే ఉంది.

"గాబరాలో అట్లయితాది మే. ఎవురికైనా అయితాది. నువ్వు అదే తలుచుకోవాకు."

ఆమె తల ఊపింది. అలాగే అయి ఉంటుందిలే అన్నట్టు ఊపింది. మజ్జిగ తాగమంటే వద్దని వెళ్లిపోయింది.

నా నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి ఇక్కడ రాశాను. కట్టుబాటు గుండు గురించే. అయినా రాశాను.

పుష్యమి కార్తె, రెండో రోజు

ఉత్తరపు సజ్జలో మర దిగింది. తిమోతి ఒకే తూటాతో కూల్చాడు. నేను పెట్టిన మూడింట్లో ఒకటో, పాత అయిదింట్లో ఒకటో తెలియదు. పైభాగం నెయ్యి రాసినట్టు మూసుకుందని ఊళ్లో పదిమందికి చెప్పాడు. తిమోతి మంచివాడు, గొప్పకు చెప్పలేదు. ఉన్నది చెప్పాడు.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. అదే పిస్తోలు, అవే తూటాలు. తిమోతి చేతిలో పేలాయి. ఆమె చేతిలో పేలలేదు. ఇంతకు ముందు అనుమానంగా మాట్లాడినవాళ్లు ఇప్పుడు తేల్చేసి మాట్లాడుతున్నారు. నేను సరిచేసినందువల్లే ఆమె మీద నేరం గట్టిపడింది. తూటాలు మార్చకుండా ఉంటే తిమోతికో, గడ పట్టినవాడికో ఏమైనా అయ్యేది. మార్చి చెప్పి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

పుష్యమి కార్తె, అయిదో రోజు

గిడ్డయ్య ఇంటికి వచ్చాడు. చూడటానికి వెళ్లాను. చేతికి గుడ్డ చుట్టి మెడకు కట్టారు. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో సంగటి తింటున్నాడు. ముద్ద నోటి దాకా వచ్చి చొక్కా మీద పడింది. వాడి పెళ్లాం తుడవబోతే వద్దన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"మామా, అల్లుడు చెయ్యి పట్టినాడు, ఇంగ వదల్లేదు."

నేను నవ్వలేకపోయాను. వాడే ఏవేవో మాట్లాడాడు. కొక్కెం గడకు కిందివైపు అడ్డంగా ఇనుప రేకు కట్టాలట, మర చేయి అక్కడ ఆగిపోతుందట. ఎవరైనా గడ పట్టేవాళ్లకు చెప్పమన్నాడు. ఉసేనమ్మ మాట వచ్చింది. ఆమె మీద కోపం లేదన్నాడు. ఒక్కటే అర్థం కాలేదన్నాడు. ఆమె కళ్లలో భయం లేదట. పిస్తోలు వైపు చూసి తిట్టిందట. భయపడిన మనిషి పిస్తోలును ఎందుకు తిడుతుంది అని నన్ను అడిగాడు. ఏమో అన్నాను.

తిరిగి వస్తూ దక్షిణపు గట్టు మీద నడిచాను. ఉసేనమ్మ సాలులో గొంతుక్కూర్చుని ఉంది. బురద ఆరి గడ్డలు కట్టింది. ఒక్కో గడ్డ చేత్తో చిదిపి పక్కన పోస్తోంది. తల ఎత్తి నన్ను చూసింది. నేను చేయి ఎత్తాను. ఆమె కూడా ఎత్తింది.

పుష్యమి కార్తె, పదమూడో రోజు

ఈ రోజు ఊరు కూర్చుంది. ఉసేనమ్మ ఇంట్లో సామాను అప్పటికే మూటలు కట్టి ఉన్నాయని సుంకమ్మ చెప్పింది. ఉదయం పప్పు అడగడానికి వెళ్లి చూసిందట. అడగకుండా తిరిగి వచ్చింది.

కంబగిరప్ప తాత ఏమైనా చెప్పుకుంటావా అని ఉసేనమ్మను అడిగాడు. ఆమె లేచి నిలబడింది. తూటా దొరకలేదు కాబట్టి తన చేయే ఆగి ఉంటుందని, గిడ్డయ్య తనను క్షమించాలని, సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేస్తానని అంది. గొంతు మామూలుగానే ఉంది. తనే నమ్మేసింది. నేను చెప్పిన మాట ఆమె నోట్లోంచి వస్తోంది.

నేను లేచాను. వెళ్లి కొట్టు తెరిచి మొదటి గుండ్ల తీగ, పిస్తోలు గొట్టం, గూట్లో దాచిన పాత ఉంగరం తెచ్చి తాత ముందు పెట్టాను. అందరూ చూస్తుండగా ఒక్కొక్క గుండూ గొట్టంలో వేయమన్నాను. తాత వేశాడు. మామవి తొమ్మిదీ దిగాయి. నావి దిగుతూ దిగుతూ తొమ్మిది దాకా వచ్చాయి. పదోది ఆగింది. పదకొండోది ఆగింది. ఉంగరం తోమిన సంగతి చెప్పాను. చింతపండు, ఇటుక పొడి, పుల్లకు చుట్టిన గుడ్డ, అన్నీ చెప్పాను. ఆమె తప్పు లేదని, చేయి పోవడానికి కారణం నేనని చెప్పాను.

గిడ్డయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తన గుడ్డ చుట్టిన చేతిని ఒకసారి చూసుకుని మళ్లీ నన్ను చూశాడు. తాత అడిగాడు.

"ఎప్పుడు కనుక్కుంటివిరా మద్దిలేటీ?"

"నిన్న."

అదే మాట వచ్చింది. ఆలోచించి అన్నది కాదు. ఆలోచించకుండా అన్నదీ కాదు.

తాత తల ఊపాడు. తెలిసిన వెంటనే నలుగురిలో ఒప్పుకున్నానని మెచ్చుకున్నాడు. కొత్త ఉంగరం చేయమన్నాడు. చేశానన్నాను. ఒక్క రాత్రిలోనా అని ఎవరో ఆశ్చర్యపడ్డారు. పనిమంతుడని ఇంకొకరు అన్నారు. గిడ్డయ్య దగ్గరికి వచ్చి ఎడమ చేత్తో నా భుజం మీద కొట్టాడు. నువ్వు తెలిసి చేసిందా మామా అన్నాడు. కాపు ఉసేనమ్మకే ఇచ్చారు. ఆమె మూటలు విప్పుకోవడానికి నలుగురు ఆడవాళ్లు తోడు వెళ్లారు.

సుంకమ్మ ఇంట్లో ఒక్క మాటే అడిగింది. మొన్నటి కార్తెలో ఇంటి వెనక రెండు రోజులు ఏం తొలిచావు అని. చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

పుష్యమి కార్తె, పద్నాలుగో రోజు

పొద్దున ఉసేనమ్మ మళ్లీ సాలులో ఉంది. నేరం పోయింది, ఇల్లు నిలిచింది, అయినా గడ్డలు చిదుపుతోంది. గట్టు దిగి దగ్గరికి వెళ్లాను. ఇంకా ఎందుకని అడిగాను.

"ఉంగరం మాట నమ్మినాలే అన్నా. కానీ దాన్ని ఒకసారి చూడల్ల నేను. నొక్కినానని నాకు తెలియల్ల."

ఇంటికి వెళ్లి మైనం డబ్బా తెచ్చాను. అడుగు నుంచి తూటా తీసి తుడిచి ఆమె చేతిలో పెట్టాను. గుండు భుజం మీది గీతను ఆమె బొటనవేలి గోటితో చుట్టూ తడిమింది. తర్వాత తూటాను అటూ ఇటూ తిప్పి చూసింది. చాలా సేపు చూసింది. ఎప్పుడు దొరికిందని అడిగింది.

చెప్పలేక ఈ పుస్తకం ఇచ్చాను. పునర్వసు దగ్గర తెరిచి ఇచ్చాను. ఆమె గట్టు మీద కూర్చుని చదివింది. ఆమెకు చదువు వచ్చు, నిదానంగా చదువుతుంది. వేలు కింద పెట్టుకుని ఒక్కో వరసా చదివింది. పన్నెండో రోజు దగ్గర వేలు ఆగింది. మళ్లీ పైకి వెళ్లి ఆ రోజుది మొదటి నుంచి చదివింది. నేను నిలబడే ఉన్నాను.

"ఇరవై రెండు దినాలు" అంది. పుస్తకం మూయలేదు.

"అవును."

"నువ్వు ఈ గట్టు మీదనే పోతాంటివి. నేను చెయ్యెత్తితి గూడా."

"చూసినా."

"నా చేతిని నేను ఏమేమి తిట్టుకుంటినో నీకేం తెలుసన్నా. దీంతో ముద్ద గూడా తినబుద్ది కాకపాయ."

తూటాను కొంగున ముడి వేసుకుంది. పుస్తకం నా చేతికి ఇచ్చి ఊరివైపు నడిచింది. తాత ఇంటికి వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు. తన ఇంటికే వెళ్లింది.

ఆశ్లేష కార్తె, ఒకటో రోజు

పన్నెండు గుండ్లు కొత్త ఉంగరంలో దింపి తూటాలు కట్టాను. ఉసేనమ్మ పిస్తోలు తీసుకుని కొట్టు దగ్గరికి వచ్చింది. వెంట గిడ్డయ్య, తిమోతి, కంబగిరప్ప తాత వచ్చారు. ఆమే పిలుచుకుని వచ్చింది.

గొట్టం విప్పి పన్నెండూ ఒక్కొక్కటీ తనే వేసి చూసింది. పన్నెండూ టక్కుమని దిగాయి. సంతకానికి పుస్తకం ఇచ్చాను. సంతకం పెట్టలేదు. ఇక నుంచి కాపు మనిషి తూటాలు తీసుకునే ముందు, పోయిన సంతకం నుంచి ఇప్పటి దాకా రాసినదంతా నలుగురి ముందూ బయటికి చదవాలని తాతతో చెప్పింది. తాత సరేనన్నాడు. ఈ రోజే మొదలుపెడతానంది తిమోతి వైపు చూసి. తర్వాత నా వైపు చూసి, ఈ రోజు వద్దు, రేపు చదువుతానంది. రేపటి దాకా తూటాలు కొట్లోనే ఉండనీయమంది.

ఆమె నాకు ఒక రోజు ఇచ్చింది. పేజీలు చించుకోవడానికి కాదు, ఆమెకు నా గురించి ఆ మాత్రం తెలుసు. గిడ్డయ్య ఇంటికి నేనే ముందు వెళ్లి చెప్పుకోవడానికి ఇచ్చిందనుకుంటాను. ఈ వరసలు రాసి అక్కడికే వెళ్తున్నాను.

వెళ్లే ముందు ఒకటి దిద్దాలి. రేపు ఆమె చదువుతుంది కాబట్టి దిద్దడం లేదు. దిద్దకుండా ఆమె చేత చదివించలేక దిద్దుతున్నాను. పునర్వసు ఆరో రోజున, జొన్న ఎంత పోయిందో చూద్దామని వెళ్తే తూటా కనబడిందని రాశాను. అది అబద్ధం. పైభాగం మొరాయిస్తోందని ఆమె మృగశిరలో చెప్పిన మాట విచారణ నాడే నాకు గుర్తొచ్చింది. ఆ ఉదయం నేను వెళ్లింది తూటా కోసమే. తెల్లవారక ముందే వెళ్లాను, ఆమెకు దొరకక ముందే నాకు దొరకాలని.